తొమ్మిది గేర్ల షిఫ్టర్, పది గేర్ల చక్రాలు

మరమగ్గాలను సాంచలనే పద్మనగర్‌ల పెరిగినోళ్లకు ఒక నమ్మకం ఉంటది. ఒక సాంచ పార్టును ఆకురాయితో కాస్త రుద్దితే ఇంకో సాంచకు పట్టి తీరుతదని. నేను డిగ్రీ కూడా చదివిన కాబట్టి నా నమ్మకం ఇంకొంచెం గట్టిది. అందుకే మా బిడ్డ గేర్ సైకిల్‌కు హ్యాండిల్ మీద గేర్లు మార్చే షిఫ్టర్ తొమ్మిది గేర్లది ఉండగానే, పాత సామాన్ల దొరికిన పది గేర్ల వెనక పళ్ల చక్రాలు బిగించిన. స్టాండు మీద బాగానే తిరిగింది. స్టాండు మీద ట్రాఫిక్ ఉండదు.

ఆదివారం ఇద్దరం ఊరు దాటి మాన్కోలి దిక్కు పోయినం. బిడ్డ ముందు, నా పాత సైకిల్ మీద నేను వెనక. రోడ్డు దాటే ముందు ఆమె గేరు మార్చింది. చైను రెండు పళ్ల చక్రాల నడుమ పడి టక్కుమని జారింది. ఆమె ఆగలేదు. జోరుగ దాటుదామని పెడల్ మీద లేచి నిలబడింది. అవతలి నుంచి కంటైనర్ లారీ వస్తున్నది. నడిరోడ్డు మీద అదే చైను ఇంకోసారి జారితే ఏమైతదో నాకు తెలుసు. బిగించింది నేనే.

అరిచిన. హారన్ల మోతల నా అరుపు నాకే వినబడలేదు. అదృష్టం, చైను మీద కోపంతో ఆమె నా దిక్కు తిరిగి చూసింది. సాంచల మోతల మాటలు పనికిరావు కాబట్టి మా ఇంట్ల అందరికీ సైగలు వచ్చు. పిడికిలి ముందుకు నెట్టిన. సాంచ బంద్ చెయ్యమని. ఆమె కాలు కింద పెట్టింది. కంటైనర్ మా ముందు నుంచే పోయింది.

"సెట్టయిందన్నవ్ కద బాపూ?"

"ఇంట్ల అయింది బిడ్డా."

నా సైకిల్ ఆమెకిచ్చి, ఆమెది నేను తోసుకుంట బయల్దేరిన.

"బాపూ, బ్రేకు ఇడువు. చక్రం తిరుగుతలేదు."

"తిరగకుంటెనే మంచిది," అన్న.