గేటు దగ్గరి బావ

మొన్న మధ్యాహ్నం నేను డ్రైవరుగా పనిచేసే ఇంటి మేడంగారిని అల్ తుమామాలో వాళ్ళ చెల్లెలి ఇంటి దగ్గర దింపడానికి వెళ్ళి, ఆ విల్లాల కాలనీ గేటు ముందు బండి ఆపాను. గాజు గదిలో కూర్చున్న సెక్యూరిటీ మనిషి తల బయటపెట్టి, నన్నూ, అద్దానికి వేలాడుతున్న నిమ్మకాయా మిరపకాయల దండనూ మార్చి మార్చి చూసి, గేటు కర్ర పైకి లేపుతూ "యల్లా, బావా!" అన్నాడు. మనిషిని చూస్తే ఆఫ్రికా వాడు, పాతికేళ్ళు ఉంటాయో లేదో, యల్లా అంటే ఇక్కడి అరబ్బీలో పద అని, ఆ బావా మాత్రం అచ్చంగా మన ఇంటి మాట. నేను బ్రేకు మీద నుంచి కాలు తీయడం మరిచిపోయాను. వెనక కారువాడు హారన్ మోగించాడు, మేడం ఏమైందని అడిగింది. ఏమీ లేదని చెప్పాను గానీ, ఏమీ లేకపోవడమేమిటి నా తలకాయ! ఆ ఒక్క పిలుపుతో నా వయసులో సగం ఊడిపోయి రోడ్డు మీద పడింది.

మీలో గల్ఫ్ మొహం చూసినవాళ్ళుంటే ఈ సంగతి మీకు చెప్పనక్కరలేదు, ఇక్కడ మనుషులకు పేర్లుండవు, దేశాలూ రంగులూ ఉంటాయి. నేను వచ్చిన రోజుల్లో మా అమ్మకైతే దేశం పేరు కూడా అక్కర్లేదు, కొడుకు దుబాయ్‌లో ఉన్నాడని చెప్పుకునేది, ఇది ఖతర్ అని నేనెన్నిసార్లు మొత్తుకున్నా వినేది కాదు. అప్పటికి మెట్రో లేదు. అల్ వక్రా దాటాక ఒక పెద్ద సైటులో నేను షట్టరింగ్ పని చేసేవాణ్ణి, అంటే కాంక్రీటు పోసేముందు చెక్కలతో అచ్చు బిగించే పని. నన్ను తెచ్చి ఆ పనిలో పెట్టింది మా బావ, మా అక్క పెనిమిటి. క్యాంపులో కింది మంచం ఆయనది, పై మంచం నాది. చెప్పు కనబడకపోయినా బావా, కూరలో ఉప్పు తగ్గినా బావా, ఇంటి మీద మనసు పోయినా బావా, రోజంతా నా నోట ఆ మాటే. ఆయన పొట్టి మనిషి, ముక్కు మీద కోపం, మెస్సు వరసలో ఎవరైనా ముందుకు తోసుకొస్తే మొదట గొంతు లేచేది ఆయనదే, పది నిమిషాల తర్వాత ఆ తోసుకొచ్చినవాడికే తన గుడ్డు ఇచ్చేసేదీ ఆయనే.

ఆ ఏడు మా సైటు గేటుకు కొత్త సెక్యూరిటీ వచ్చాడు. కెన్యా వాడు, తాడిచెట్టంత పొడుగు, ఎంత పొడుగో అంత నెమ్మది. సూపర్‌వైజరు ఆయన్ను రంగు పేరు పెట్టి కేకేసేవాడు, సైటులో చాలామందికి అదే అలవాటైంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా పలికేవాడు కానీ మొహంలో ఒక దీపం ఆరిపోయేది. ఆయన మాత్రం మమ్మల్ని మర్యాదగా పిలవాలనుకున్నాడు పాపం, మాకేం పేరో తెలియదు. పొద్దున్నే గేటు దాటుతూ నేను "బావా, టోపీ మర్చిపోయినవ్" అనడం, సాయంత్రం "బావా, బస్సు వోతున్నది" అనడం విని విని, ఇది తెలుగువాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకునే గౌరవపు మాట అనుకున్నాడు. ఒక ఉదయం మేం బస్సు దిగుతుంటే వరసగా అందరికీ సెల్యూట్ కొడుతూ "గుడ్ మార్నింగ్ బావా, గుడ్ మార్నింగ్ బావా" అని మొదలుపెట్టాడు. మేం నవ్వలేక చచ్చాం. మాతో పాటు గోదావరి వైపు పెద్దాయన ఒకరు పనిచేసేవారు, అందరం బాబాయ్ అనేవాళ్ళం, ఆయన నా భుజం తట్టి "ఏరా అబ్బాయ్, పిల్లని కెన్యాలో చూసుకున్నావన్నమాట, కనీసం భోజనాలకైనా పిలవలేదే!" అన్నారు.

మా బావ ఒక్కడే నవ్వలేదు. టీ తాగేటప్పుడు గేటు దగ్గరికి వెళ్ళి, తనకొచ్చిన హిందీ, ఇంగ్లీషు, చేతులు, కనుబొమలు అన్నీ కలిపి ఆ మాటకు అర్థం చెప్పాడు. బావ అంటే ఇంటికొస్తే కాళ్ళకు నీళ్ళిస్తారు, మొదటి పళ్ళెం ఆయనకే పెడతారు, ఆయన అలిగితే ఇల్లంతా అన్నం మానేస్తుంది. ఆ కెన్యా ఆయన అంతా విని, ఆలోచించి, అయితే ఇదే సరైన మాట అని తేల్చేశాడు. ఆ రోజు నుంచి మేం ఆయన్ను బావా అన్నాం, ఆయన మమ్మల్ని బావా అన్నాడు. వరసలు ఎలా కలిశాయని అడిగితే ఆ దేవుడు కూడా చెప్పలేడు.

ఇక ఎండ సంగతి. ఎండాకాలం నెలల్లో మిట్టమధ్యాహ్నం బయట పని ఆపించి మనుషుల్ని నీడలో కూర్చోబెట్టాలని ఇక్కడ చట్టం. మాకు షెడ్డు ఉండేది, కూలర్లు ఉండేవి. గేటు బావకు మాత్రం ఏ నీడా లేదు, కుర్చీ కూడా లేదు, కూర్చుంటే నిద్రపోతారని వాళ్ళ కంపెనీ నియమమట. మా సూపర్‌వైజరు మన భాషవాడే, సైటులో ఆయన మాటే మాట. బాబాయ్ వెళ్ళి అడిగితే "వాళ్ళు ఎండలో పుట్టినోళ్ళయ్యా, వాళ్ళకేం కాదు. అయినా నిలబడటం కూడా ఒక పనేనా?" అన్నాడు. అసలు సంగతేమిటంటే ఆ గేటు బావది తేయాకు తోటల కొండ, పొద్దున్నే స్వెట్టరు లేకుండా గడప దాటని చోటు. వానా మంచూ తప్ప ఎరగనివాడు. ఎండలో పుట్టినవాళ్ళెవరైనా ఉన్నారంటే అది మేమే, జగిత్యాల వైపు రోహిణి కార్తెలో పుట్టినవాణ్ణి నేను!

ఒకరోజు మా బావ అన్నం డబ్బా కడుక్కోవడానికి బయటికొచ్చి చూస్తే, గేటు బావ ముక్కులోంచి రక్తం కారుతోంది. చేతి రుమాలు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. మా బావ కంగారుగా పరుగెత్తితే "మాఫీ ముష్కిల్, బావా" అని, అంటే ఏం పర్వాలేదని, నవ్వి, ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకుని బతిమాలాడు. చెబితే ఆరోగ్యం లేదని టికెట్ చేతిలో పెట్టి పంపించేస్తారు. ఊళ్ళో నర్సు చదువుతున్న చెల్లెలుంది, చదువు సగంలో ఆగిపోతుంది. ఉంటే ఎండ, పోతే చెల్లెలి చదువు. ఆ పూట మా బావ అన్నం ముట్టలేదు.

ఉపాయం చెప్పింది బాబాయ్. మనిషికి నీడ వేస్తేనే కదా సూపర్‌వైజరుకు బాధ, నీళ్ళకు వేద్దాం, మన ఊళ్ళలో ఎండాకాలం చలివేంద్రం పెట్టమూ, దాన్ని పీకేసే పాపం ఎవరు చేస్తారు అన్నారు. మరునాడే మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్కలతో, ఆకుపచ్చ వలతో గేటు పక్కన పందిరి లేపాం. నీళ్ళ క్యాన్లకు తడి గోనెపట్టా చుట్టాం, ఒక ప్లైవుడ్ ముక్క మీద తెలుగులో చలివేంద్రం అని సుద్దతో నేనే రాశాను. పందిరి కాస్త వెడల్పుగా వేశాం లెండి, పక్కన ఒక పొడుగాటి మనిషి నిలబడేంత. నేపాలీలు వచ్చి తాగారు, బంగ్లా వాళ్ళు తాగారు, చివరికి సూపర్‌వైజరు కూడా ఒక గ్లాసు తాగి బాగుందన్నాడు. ఆ తెల్లారి కంపెనీ పెద్దవాళ్ళెవరో సైటు చూడ్డానికి వస్తారని తెలిసేసరికి మాత్రం, గేటు ముందు ఈ సంత ఏమిటని మనుషుల్ని పెట్టి పీకించేశాడు. గ్లాసు తాగిన నోటితోనే!

ఆ మధ్యాహ్నం విశ్రాంతి గంట కొట్టారు. అందరం షెడ్డులోకి వెళ్ళాం. మా బావ తన డబ్బా విప్పబోయి, మళ్ళీ మూత పెట్టేశాడు. "మనింటికి బావొస్తె ఎండల నిలవెడ్తమా? నిలవెట్టి మనం నీడల కూసుండి తింటమా?" అన్నాడు, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా. డబ్బా చంకన పెట్టుకుని గేటు దగ్గరికి నడిచి, గేటు బావ కాళ్ళ పక్కన కాలే నేల మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. నాకు భయమేసింది, నిజం చెప్పాలి కదా, పంపించేస్తే అక్క మొహం ఎలా చూడాలి అనిపించింది. కానీ కాళ్ళు లేచాయి. నా వెనక బాబాయ్, ఆయన వెనక నేపాలీలు, బంగ్లా వాళ్ళు, మా భాష రానివాళ్ళు కూడా సంగతి తెలుసుకుని డబ్బాలతో వచ్చి కూర్చున్నారు. జెండా లేదు, నినాదం లేదు. గేటు బావ వెళ్ళిపొమ్మని అందరినీ వేడుకుంటూ, చివరికి మొహం తిప్పుకుని ఏడ్చాడు.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. ఆ వేళ ప్రభుత్వ తనిఖీవాళ్ళు వచ్చి ఇంతమందిని ఎండలో చూస్తే చట్టం కంపెనీ మెడకు చుట్టుకుంటుంది, ఆ భయం ఆయన చెమటలోనే తెలుస్తోంది. సమ్మె చేస్తున్నారా అని అరిచాడు. మా బావ ముద్ద మింగి, "రెస్టే తీసుకుంటున్నం సార్, జాగనే మారింది" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. మరునాడూ అక్కడే తిన్నాం. ఆ వారం తిరగకముందే గేటు పక్కన రేకు గది లేచింది, అందులో ఒక ఫ్యాను, ఒక కుర్చీ. గేటు బావ మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుని, వెంటనే లేచి, ముందు మా బావను కూర్చోమన్నాడు. బావకే కదా మొదటి పళ్ళెం.

దానికి వెల మా బావ చెల్లించాడు. ముందు ఆయన్ను మా నుంచి విడదీసి బిర్కత్ అల్ అవామిర్ క్యాంపుకు మార్చారు, కాంట్రాక్టు అయిపోగానే కొత్తది ఇవ్వలేదు. ఊరికి పోవడానికి పెట్టె సర్దుకుంటున్నప్పుడు నేను వెళ్ళి ఏడుస్తుంటే నన్నే కసిరాడు. గేటు బావ చెల్లెలి చదువు పూర్తయిందని తర్వాత కబురు తెలిసింది, ఆయనా కొండకు తిరిగి వెళ్ళిపోయాడు.

మొన్న మేడంను దింపి తిరిగొస్తూ, ఆ గాజు గదిలోని మనిషిని ఆ మాట ఎక్కడ నేర్చావని అడిగాను. మా సీనియర్లు నేర్పారు, తెలుగువాళ్ళు కనబడితే ఇలా పిలవాలి, మంచి మాట అన్నాడు. ఎవరు మొదలుపెట్టారో, ఎందుకో తెలియదట. ఇంటికొచ్చి ఊళ్ళో మా బావకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగాడు, "నీడల ఉన్నడా?"

"ఉన్నడు బావా, ఏసీల కూసున్నడు" అన్నాను. ఆయన అక్కకు ఫోన్ ఇచ్చేశాడు.

ఇప్పుడు నేను తిరిగే దారుల్లో ప్రతి గేటుకూ గది ఉంది, ఫ్యాను ఉంది, కొన్నింట్లో ఏసీ కూడా ఉంది, చూసినప్పుడల్లా నాకు కళ్ళు చల్లబడతాయి. కానీ షెడ్డుల్లో మనవాళ్ళు ఎవరి ఫోనులో వాళ్ళు మునిగి అన్నం తింటున్నారు, పక్కవాడు ఏ దేశమో, గేటు దగ్గర ఎవరు నిలబడ్డారో వాళ్ళకు తెలియదు. బహుశా తెలుసుకోవలసిన అవసరం లేదేమో, మంచిదే. ఆ గాజు గదిలో ఒక్క కుర్చీయే పడుతుంది. మా బావ మళ్ళీ వచ్చినా, పక్కన కూర్చోవడానికి చోటు లేదు.