సార్లు వస్తున్నారని కొట్టిన సున్నం

మా కాలనీ కడప దాటాక కమలాపురం రోడ్డు మీద ఉంది. బస్సులో పోయేవాళ్ళకు ముందు వరస బ్లాకులు మాత్రమే కనిపిస్తాయి. పేదలకని ఈ ఇళ్ళు కట్టించి ఇచ్చినవాళ్ళకు కూడా కాలనీ అంటే ఆ ముందు వరసేనని గట్టి నమ్మకం. పెద్దమనిషెవరైనా ఈ దారిన పోతున్నాడంటే రోడ్డు వైపు గోడలకు గబగబా రంగు పడుతుంది. వెనక వరసల్లో ఉన్న మాలాంటివాళ్ళం ఓట్లప్పుడు తప్ప ఎవరికీ కనిపించం.

ఆ రంగు వేసే పద్ధతి కూడా చూడముచ్చటగా ఉంటుంది. గోడ తుడవరు, గీకరు, పగుళ్ళు పూడ్చరు. దుమ్ము మీదే రంగు, బూజు మీదే రంగు. ఒకసారి ఏదో ట్యూషన్ సెంటరు వాళ్ళు అంటించిన పోస్టరు మీదే పచ్చరంగు కొట్టేసి పోయారు. ఒక ఎండాకాలం గడిచేసరికి రంగు పెచ్చులు లేచి, ఆ పోస్టరులోని పిల్లలు మళ్ళీ నవ్వుతూ బయటికొచ్చారు. మెట్ల పక్క ఇనుప కటకటాలకైతే తుప్పు మీదే వెండిరంగు పూశారు. చెయ్యి ఆనిస్తే వెండీ తుప్పూ కలిసి అరచేతికి అంటుకునేవి. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు.

నేను ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. నా భర్త బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ తెల్లటి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో చేరి, పని మానేశాక కూడా ఆయనను వదల్లేదు. మాది వెనక బ్లాకులో కింది ఇల్లు. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. మంచం వేయడానికి గదిలో ఒకే గోడ ఉంది. సరిగ్గా ఆ గోడకే బయట వానజల్లు కొడుతుంది. ఈ ఎండల సీమలో గోడకు చెమ్మేమిటని నవ్వేవాళ్ళుంటారు. వాళ్ళు మా ఇంట్లో ఒక్క తుపాను గడిపి చూడాలి. ఏడాదంతా మొహం చాటేసిన వాన ఒక్కసారిగా అడ్డంగా వచ్చి, గోడ పగుళ్ళలోకి దూరి, నెలల తరబడి అందులోనే కాపురం ఉంటుంది. లోపలి వైపు నల్లటి బూజు ఆయన తలగడ దాకా దిగేది. నేను తుడిచేదాన్ని, అది మళ్ళీ వచ్చేది. ఆయన దగ్గుతూ ఆ గోడ వైపే తిరిగి పడుకునేవాడు. నాకు నిద్ర పట్టకూడదని ఆయన పట్టిన పంతమేమో అనిపించేది.

అట్లాంటప్పుడు ఒక మంచి కబురు వచ్చింది. కాలనీలన్నింటికీ ఇకనుంచి వరస ప్రకారం రంగు వేస్తారట. ఇంజనీరు ఒకాయన వచ్చి ప్రతి బ్లాకూ చూస్తాడు. చెడిపోయిన గోడలున్న బ్లాకులకు ముందు వేస్తారు. అది కూడా పాతరంగు గీకి, పగుళ్ళు పూడ్చి, ప్రైమరు పట్టించి, వానను ఆపే రంగు వేస్తారు. బాగున్న బ్లాకులు మళ్ళీ వరస వచ్చేదాకా ఆగాలి. ఆ వరస ఎన్నేళ్ళకు వస్తుందో చెప్పినవాడికే తెలియదు. జీవితంలో మొదటిసారి ప్రభుత్వం బుర్ర పెట్టి ఆలోచించిందని నాకు కాస్త అనుమానం కూడా కలిగింది.

మా కాలనీకి పెద్ద ఒకాయన ఉన్నాడు, నీళ్ళట్యాంకు కింద మీటింగు పెట్టాడు. ముందు వరసలో ఉంటాడాయన. తెల్లచొక్కా, మెడలో తువ్వాలు, ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ నవ్వు.

"చూడండప్పా, సార్లు వస్తాండారు. మన గోడలు చూసి ఛీ అనుకోని పోకూడదు. ఇల్లిల్లూ సున్నం కొట్టండి. వాకిళ్ళు అలికి ముగ్గులెయ్యండి. మన మర్యాద మనం చూపిచ్చాల" అన్నాడు.

అందరూ తలలూపారు. మావైపు ఇదొక జబ్బు. ఇంటికి చుట్టం వస్తున్నాడంటే చాలు, అప్పోసొప్పో చేసి అయినా సున్నం కొట్టాల్సిందే. పెండ్లిచూపులకు సున్నం, పీర్లపండుగకు సున్నం, ఉగాదికి సున్నం. సున్నం కొట్టని గోడను పరాయివాడికి చూపించడం మావాళ్ళకు చిరిగిన రవికతో పేరంటానికి పోయినట్టు. గోడ ఎంత చెడిపోయిందో చూడటానికి వచ్చే మనిషికి, చెడిపోయిన గోడ కనపడకుండా ముస్తాబు చేయాలన్న ఆలోచన ఈ భూమ్మీద ఇంకెవరికైనా వస్తుందా అని నాకు సందేహం.

నేను లేచి నిలబడ్డాను. "డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు దగ్గు వినపడకుండా నోరు మూసుకొని పోతారా? గోడ ఎట్లుండాదో అట్లే చూపియ్యండి. బాగుండాదని రాసుకొని పోతే మళ్ళీ ఎవరొస్తారు?"

"టీచరమ్మా, నువ్వు బడిలో చెప్పుకో పాఠాలు" అన్నాడు కాలనీ పెద్ద. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అని ఎవరో వెనకనుంచి అన్నారు. ఉలిపికట్టెకు కనీసం తన దారేదో తెలుసు.

మా ఎదుటి బ్లాకులో ఒకామె ఉంది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. తెలివి తక్కువ, నోరు ఎక్కువ అని ఆమె గురించి నా అభిప్రాయం, అది ఇప్పటికీ మార్చుకోలేదు. ఏ ఇంట్లో ఏ కూర వండారో, ఎవరి మొగుడు ఎవరితో పోట్లాడాడో ఆమెకు తెలియకుండా కాలనీలో ఆకు కదలదు. కానీ మేము ఊరికి పోతే తాళంచెవి ఆమెకే ఇచ్చేదాన్ని. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, ఎప్పుడొస్తాయో చెప్పి రావు. ఎన్ని గంటలకు వచ్చినా మా డ్రమ్ములు నింపి, మూతలు పెట్టి, తలుపు వేసి పోయేది. ఒక్క రోజు కూడా మరవలేదు.

ఇంజనీరు వచ్చే వారంలోనే నా భర్తకు ఆయాసం ముదిరింది. ఇక్కడి మందులకు తగ్గకపోతే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. తాళంచెవి ఎప్పటిలాగే ఆమె చేతిలో పెట్టాను. కర్నూలులో డాక్టరమ్మ అన్నీ అడిగి, చివరికి ఆయన పడుకునే చోటు గురించి అడిగింది. నేను గోడ సంగతి చెప్పాను.

"ముందు ఆ గోడ సంగతి చూడమ్మా. ఆ బూజు పక్కన పండుకోబెడితే నేనిచ్చే మందులు బూడిదలో పోసిన పన్నీరే" అంది.

తిరుగు బస్సులో ఆయన నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. ఇంజనీరుకు ఏం చెప్పాలో నేను దారంతా లోపల్లోపలే వల్లెవేసుకున్నాను. పగులులో నా వేలు దూరుతుంది, దూర్చి చూపిద్దామనుకున్నాను. బూజు చూపిద్దాం. తలగడ గలీబు మీద మరక కూడా చూపిద్దాం. నా జీవితంలో దరిద్రాన్ని అంత జాగ్రత్తగా ఎప్పుడూ సర్దుకోలేదు.

మేము కాలనీలో దిగింది ఇంజనీరు రావలసిన పొద్దునే. కళ్ళు జిగేల్‌మన్నాయి. బ్లాకులన్నీ నీలిమందు కలిపిన సున్నంతో తెల్లగా ఉన్నాయి. షామియానా, మామిడాకులు, కుర్చీల మీద దుప్పట్లు. ఆయనను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, మా బ్లాకు చుట్టూ తిరిగి వెనక్కి పోయాను. నా గోడ కూడా తెల్లగా ఉంది. పగుళ్ళలో సున్నపుముద్ద కూరి, పైన రెండు పూతలు నున్నగా కొట్టి ఉంది. లోపలికి పోతే గది కూడా అంతే. మంచం నడిమధ్యకు జరిపి, తలగడ గలీబు ఉతికి ఆరేసి, బూజు జాడ లేకుండా గోడంతా తెల్లగా చేసి పెట్టారు. డ్రమ్ములు నిండుగా ఉన్నాయి.

ఎదుటింటామె వాకిట్లో నిలబడి ఉంది. సున్నానికి ఆమె వేళ్ళ కొసలు పగిలి ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నువ్వు ఆసుపత్రిలో ఉంటివి గదా. సార్ల ముందర నీ గోడ ఒకటే నల్లగుంటే నాకు పానం ఒప్పలా. నేనూ నా కూతురూ కొట్టినాం. ఎట్లుండాది?" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ క్షణంలో అది కోపమో ప్రేమో ఎవరైనా అడిగినా నేను చెప్పలేకపోయేదాన్ని. బాగుండాదమ్మా అన్నాను. అంతలో జీపు చప్పుడు వినిపించింది.

ఇంజనీరు చిన్నవాడు. చేతిలో ఫోను. గోడ దగ్గరికి పోడు, చెయ్యి పెట్టడు, దూరంగా నిలబడి ఫొటో తీస్తాడు. కాలనీ పెద్ద పక్కనే నడుస్తూ టెంకాయ నీళ్ళు తాగిస్తున్నాడు. ఒక్కో బ్లాకు ముందూ ఇంజనీరు ఫోనులో ఏదో నొక్కి, "బాగుంది, బాగా మెయింటెయిన్ చేసుకున్నారు" అంటున్నాడు. అన్నప్పుడల్లా మావాళ్ళ ముఖాలు వెలిగిపోతున్నాయి. తమకు రావలసిన రంగు తమ కళ్ళముందే కొట్టుకుపోతుంటే మెచ్చుకోలు అనుకుని మురిసిపోయే జనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. వరసగా అందరి గోడలకూ బాగున్నాయని ముద్ర పడింది. చివరికి నా గోడ ముందుకొచ్చాడు. ఫోను ఎత్తాడు.

ఎదుటింటామె నా పక్కనే ఉంది. నవ్వుతోంది.

నేను వంటింట్లోకి పోయి అట్లకాడ తెచ్చాను. ఇంజనీరు ముందే గోడ మీద పెట్టి పైనుంచి కిందికి గీకాను. పచ్చి సున్నం పొరలు పొరలుగా రాలింది. కింద నల్లటి గార తడిగా కనిపించింది. పగులులోంచి సున్నపుముద్ద పెకలించి, నా వేలు దూర్చి చూపించాను.

"ఏం పనమ్మా అది! పిచ్చి పట్టిందా?" కాలనీ పెద్ద అరిచాడు.

"సార్, ఇదీ గోడ. ఈ పక్కన నా భర్త పండుకుంటాడు. ఊపిరాడదు" అన్నాను. లోపలికి తీసుకుపోయి అక్కడ కూడా గీకాను. ఇంజనీరు మొదటిసారి ఫోను జేబులో పెట్టి గోడ మీద చెయ్యి వేశాడు. వేలికొసతో నొక్కితే గార ఇసుకలా రాలింది. అతని ముఖం కాస్త మారింది. బయటికొచ్చి అందరినీ అడిగాడు.

"మిగతా బ్లాకులు కూడా లోపల ఇట్లాగే ఉన్నాయా? ఇప్పుడే చెప్పండి."

ఇంతకంటే అడిగేవాడెవడు? అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ పెట్టేవాడే వచ్చి అడుగుతున్నాడు. "అన్నీ ఇట్లే సార్, గీకి చూడండి" అన్నాను నేను. ఎదుటి బ్లాకు వైపు రెండడుగులు వేశాను. ఎదుటింటామె పరుగున పోయి తన గోడకు వీపు ఆనించి నిలబడింది.

"మాది బాగుండాది సార్" అంది ఇంజనీరుతో. "నువ్వు మా గోడ ముట్టుకోవాకు" అంది నాతో. నన్ను అక్కా అనలేదు.

"మా కాలనీ బంగారమట్లుండాది సార్, ఈమె మాటలు పట్టించుకోవాకండి" అన్నాడు కాలనీ పెద్ద. అందరూ అవునన్నారు. ఇంజనీరు మా బ్లాకు ఒక్కటే రాసుకుని పోయాడు.

తర్వాత మా బ్లాకుకు రంగు వేశారు. గీకకుండా తప్పించుకుందామని పనివాళ్ళు చూశారు గానీ, నేను గొడుగు వేసుకుని కుర్చీలో కూర్చున్నాను. ఇనుప బ్రష్షుతో తుప్పు రాల్చేదాకా కటకటాలకు రంగు ముట్టనివ్వలేదు. సున్నం గీకలేక వాళ్ళ చేతులు నొప్పి పుట్టాయి. "ఈ సున్నం ఏ తిక్కలోళ్ళు కొట్టినారప్పా!" అని ఒకడు గట్టిగా తిట్టాడు. ఎదుటి మెట్ల మీద ఆమె బియ్యం ఏరుకుంటోంది. చాట తీసుకుని లోపలికి పోయింది. నేను వాడిని గమ్మున పని చూసుకోమన్నాను.

మా పైయింటివాళ్ళు ఆ రంగు కాలనీ పెద్ద పలుకుబడితో వచ్చిందని ఆయనకు శాలువా కప్పారు. ఆయన కప్పించుకున్నాడు. దాని గురించి రాయడం కూడా దండగ.

పోయిన తుపానుకు ఎదుటి బ్లాకులో సున్నం కారి వాకిళ్ళన్నీ తెల్లబడ్డాయి. ఎదుటింటామె గోడ నల్లగా ఉబ్బింది. నా గోడలోకి చుక్క దిగలేదు. నా భర్త గోడ వైపు తిరిగి హాయిగా పడుకుంటున్నాడు. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అట్లకాడ తెస్తాను, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆమె వీపు గోడకు ఆనించి నిలబడినప్పటి ముఖం గుర్తొస్తే అన్నం సహించదు. ఉగాదికి ఆడవాళ్ళు ఒకరింటి సున్నం ఒకరు కొట్టుకుంటూ కేకలేసుకుంటారు. నా గోడకు ఇప్పుడు ఆ అవసరం లేదు, నన్ను పిలిచేవాళ్ళూ లేరు.

మొన్న మందుల కోసం మళ్ళీ కర్నూలు పోవలసి వచ్చింది. తాళం వేసి, చెవి చేతిలో పట్టుకుని వాకిట్లో కాసేపు నిలబడ్డాను. ఆమె ఎదురుగానే ఉంది, తల ఎత్తలేదు. చెవి కొంగున ముడివేసుకుని బస్సెక్కాను. తిరిగొచ్చి తలుపు తీసేసరికి గోడ పొడిగా ఉంది. డ్రమ్ముల మూతలు తీసి చూశాను. అవి కూడా పొడిగానే ఉన్నాయి.