తూర్పు గది, పడమర గది

2005 జూన్‌లో, అలియాబాద్ దాటాక కరీంనగర్ రోడ్డు పక్కనున్న ఒక చిన్న వీడియో గేముల సంస్థలో నాణ్యతా విభాగం అధిపతిగా చేరాను. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఒక ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ సంస్థలో ఇన్‌స్పెక్టర్‌ని. స్వచ్ఛంద విరమణ తీసుకుని నాగారం కాలనీలో ఇల్లు కట్టుకున్నాక చేతిలో పనిలేక విసుగెత్తింది. మా డైరెక్టరు రఘురాం గారిదీ మా తెనాలి వైపే. ఆయన నన్ను పెట్టుకున్నది నాకు ఆటల గురించి తెలుసని కాదు. అందరినీ అనుమానించే అలవాటు నాకుందని ఎవరో చెబితే పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనే ఇంటర్వ్యూలో అన్నారు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

మా పని పేరు పోర్టింగ్. వీడియో గేములు ఆడే కన్సోల్ యంత్రాలు తయారుచేసే పెద్ద సంస్థలు ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ఒక ఆటను తమ యంత్రం మీద తప్ప వేరేచోట ఆడడానికి వీల్లేకుండా ఒప్పందం రాయించుకుంటాయి. ఏడాదికో రెండేళ్లకో ఆ గడువు తీరుతుంది. అప్పుడు ఆట హక్కుదారు దాన్ని పోటీ యంత్రం మీదకు కూడా తేవాలనుకుంటాడు. కానీ ఒకదాని కోసం రాసిన ఆట రెండోదానిలో నడవదు. లోపలి చిప్పు వేరు, మెమరీ వేరు, చేతిలో పట్టుకునే కంట్రోలర్ మీద బటన్ల గుర్తులు కూడా వేరు. ఆటను విప్పి, రెండో యంత్రానికి తగ్గట్టు మళ్లీ కట్టాలి. ఆడేవాడికి తేడా తెలియకూడదు. ప్రకటన వెలువడేవరకు ఈ పని జరుగుతున్నట్టు బయటి ప్రపంచానికి అసలు తెలియకూడదు.

అందుకే మా దగ్గర రెండు గదులుండేవి. ఒక ద్రాక్షతోట యజమాని తన కోసం కట్టుకున్న ఇంట్లో మా ఆఫీసు. తూర్పు గదిలో ఆట మొదట వచ్చిన యంత్రం కిట్లు, పడమర గదిలో పోటీ యంత్రం కిట్లు. కిట్ అంటే దుకాణంలో దొరికే పెట్టె కాదు. ఆటలు తయారుచేసేవాళ్లకు మాత్రమే ఇచ్చే ప్రత్యేక యంత్రం. ఒక సంస్థ కిట్ ఉన్నచోట రెండోదాని కిట్ ఉండరాదని ఒప్పందం. గది దాటి కిట్ కదిలితే తేదీ, వేళ, కారణం రిజిస్టర్‌లో రాసి నేను సంతకం చేయాలి. కెమెరా ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పడాలి. తెరమీద కనిపించే తప్పుల్ని ఫొటో తీయడానికి ఆఫీసులో ఒకే కెమెరా ఉండేది. అది నా బీరువాలో ఉండేది.

రెండు యంత్రాల మీద ఆట ఒకేలా ఉందో లేదో చూసే టెస్టరుకు ఇదొక శిక్ష. తూర్పు గదిలో చూసినదాన్ని తలలో పెట్టుకుని, కాగితం ముక్క కూడా తీసుకోకుండా పడమర గదికి వెళ్లి పోల్చుకోవాలి. ఈ పనిలో స్వరూపను మించినవాళ్లు లేరు. రావల్‌కోల్ అమ్మాయి, మేడ్చల్‌లో డిగ్రీ చదివింది. ఇంటివాళ్లకు పొలాలుండేవి, కొంత ప్లాట్ల కింద అమ్మేశారు. కూతురు ఉద్యోగానికి వెళ్లడం తండ్రికి ఇష్టం లేదు. ఎక్కడ మాట పడుతుందా, మాన్పించేద్దామా అని చూస్తుండేవాడట. ఆమె చూపు ఎంతటిదంటే, ఆటలో వానపడే వీధిలో ఒక కొట్టు బోర్డు మీద తూర్పు యంత్రం బటన్ గుర్తు బొమ్మగా ఉండిపోయింది. అది గోరంత కూడా లేదు. ఇద్దరు ప్రోగ్రామర్లకు, నాకు కనబడలేదు. ఆమెకు కనబడింది. పోటీవాడి గుర్తు ఒక్కటి మిగిలినా యంత్రం తయారీదారు ధ్రువీకరణ ఇవ్వడు, మేం కట్టిన ఆట మొత్తాన్ని తిప్పి పంపుతాడు. రఘురాం గారు ఆమెకు పడమర గది రెండో తాళంచెవి ఇప్పించారు. నాకది నచ్చలేదు. ఇంత గుర్తుపెట్టుకోగలిగే మనిషి ఏమేం బయటికి తీసుకుపోగలదో అని నాకు అనిపించేది.

2006లో దసరా వెళ్లి రెండు వారాలైంది. హక్కుదారు సంస్థ నుంచి ఒక మెయిలు వచ్చింది. ఎక్కడో విదేశీ ఆటల సైట్‌లో ఒక ఫొటో ప్రత్యక్షమైంది. టీవీ తెరమీద మా ఆట పేరు, దాని పక్కన పడమర కిట్, ఆ పక్కన తూర్పు కిట్ అంచు. ఇంకా ప్రకటించని సంగతి రట్టయింది. ఫలానా సోమవారంలోగా కారకుల పేరు, ఆధారంతో సహా పంపాలని, లేకపోతే పని వెనక్కి తీసుకుంటామని రాశారు. దాన్ని సైట్‌లోంచి తీయించేశామని, విచారణాధికారి తప్ప ఎవరూ ఫొటో చూడరాదని అన్నారు. మేం నలభై మందిమి. చేతిలో ఉన్నది ఆ ఒక్క పనే.

విచారణాధికారిని నేనే. రిజిస్టర్ తీశాను. అప్పటికి గడిచిన రెండు నెలల్లో కిట్లు గది దాటిన దాఖలా ఒక్కటీ లేదు. అంటే ఎవరో దొంగచాటుగా తాళం తీసి రెండింటినీ ఒకచోట చేర్చారు. పడమర గది తాళంచెవి నా దగ్గర ఒకటి, స్వరూప దగ్గర ఒకటి. తూర్పు గది తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉందన్న సంగతి నన్ను ఆపలేదు. పగలంతా ఆ గది తెరిచే ఉంటుంది కదా అని సరిపెట్టుకున్నాను. ఆమె మధ్యాహ్నాలు నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుంది. అన్నం తినేటప్పుడు ఒక నోటుబుక్కులో ఏదో రాసుకుంటుంది. వాకబు చేస్తే, తమ్ముడు నరేశ్‌కు మేడ్చల్ బస్టాండు వెనక గేమ్ పార్లర్ ఉందని తెలిసింది. నాకు ఇంకేం కావాలి?

శనివారం పొద్దున ఆ పార్లర్‌కు వెళ్లాను. మనవడికి ఆట కావాలన్నాను. నాకు మనవడు లేడు. నాలుగు టీవీలు, దొంగ డిస్కులు నడిచేలా తాళం విరిచిన కన్సోళ్లు, జిరాక్స్ అట్టలతో డిస్కులు. కొత్త ఆటలు వస్తాయా అని అడిగాను.

“వస్తయ్ సార్, మస్తు వస్తయ్. మా అక్క గీ లైన్లనే ఉన్నది,” అన్నాడు నరేశ్, గొప్పగా.

ఏం పని చేస్తుందని కదిపాను.

“ఏమో సార్, ఎంత అడిగినా చెప్పది. ఇంట్ల మా నాయినకు గూడ చెప్పది,” అన్నాడు.

నివేదికలో మొదటి మాట రాశాను, రెండోది రాయలేదు. అప్పుడది నాకు తప్పుగా తోచలేదు. విచారణకు సంబంధించింది కాదని వదిలేశాను. స్వరూప పేరు ప్రధాన అనుమానితురాలిగా రాసి, తాళంచెవి తీసుకుని, విచారణ ముగిసేవరకు రావద్దని చెప్పి పంపించాను. ఎందుకని అడిగింది. నియమాల ప్రకారం చెప్పకూడదన్నాను. నలుగురూ చూస్తుండగా ఆమె టిఫిన్ డబ్బా, నోటుబుక్కు తీసుకుని వెళ్లిపోయింది. నోటుబుక్కు నేను తనిఖీ చేశాకే ఇచ్చాను. అందులో ఉన్నవి బ్యాంకు పరీక్షల లెక్కలు.

ఆ తర్వాతి గురువారం ఆమె పిలవకుండానే వచ్చింది. నా బల్ల ముందు కూర్చోలేదు.

“సార్, మీరు మా తమ్ముని దుకాన్‌కు పోయిండ్రంట. ఊళ్లె అందరు నేను దొంగతనం జేసిన్నంటున్నరు. మా నాయిన నన్ను ఇగ ఇల్లు దాటనియ్య అంటున్నడు. నేనేం జేసిన్నో నాకన్న చెప్పుండ్రి.”

ఫొటో బయటికి వెళ్లిందన్నాను. ఏ ఫొటో అంది. చూపకూడదన్నాను.

“సూపియ్యకుంట నేనే దీసిన్నని ఎట్లంటరు సార్?”

ఎవరూ చూడరాదన్న నియమాన్ని ఉద్యోగంలో మొదటిసారి పక్కనపెట్టి, ఆ ఫొటోను తెరమీద పెట్టాను. చూసినప్పుడు ముఖం ఎలా మారుతుందో కనిపెడదామన్న దుర్బుద్ధి కూడా ఉంది, దాచను. ఆమె ముఖం మారలేదు. వానవీధి బోర్డును చూసినట్టే చూసింది.

“గీ ఎర్రగున్నదేంది సార్?” అంది, పడమర కిట్ ముందు భాగాన్ని చూపిస్తూ.

పవర్ లైటన్నాను.

“పడమర దాని లైటు పచ్చగుంటది సార్. ఎర్రగ అయిందంటే మిషన్ వేడెక్కి ఆగినట్టు. ఆగితే టీవీల బొమ్మ రాదు. గీడ బొమ్మున్నది.” ఇంకాస్త వంగి చూసింది. “ఇది లైటు గాదు. ఏలుతోని పెట్టిన కుంకుమ. ఆయుధపూజ నాడు మీరే పెట్టిండ్రు సార్.”

దసరాకు వాహనాలకు, పనిముట్లకు పూజ చేసినట్టే మేమూ కిట్లకు చేశాం. పూజకు వచ్చిన అయ్యవారికి శామీర్‌పేటలో ఇంకా మూడు చోట్ల పూజలున్నాయి. రెండు గదుల్లో రెండు హారతులు తన వల్ల కాదన్నాడు. అన్నీ ఒకచోట పెట్టమన్నాడు. తూర్పు గది కిట్‌ను, పడమర గది కిట్‌ను నేనే నా చేతులతో హాల్లోకి తెచ్చి, తెల్లటి గుడ్డ పరిచిన బల్లమీద పక్కపక్కన పెట్టాను. కొబ్బరికాయ కొట్టేసరికి ఆట తెరమీద నడుస్తుంటే శుభమని రఘురాం గారంటే, దాన్నీ పెట్టించాను. బొట్లూ నేనే పెట్టాను. రిజిస్టర్‌లో రాయలేదు. దొంగతనంగా రాయకపోవడం కాదు. దేవుడి పని కూడా కిట్ల కదలిక కిందికి వస్తుందని నా బుర్రకు తట్టనే లేదు. ఫొటోను పదిసార్లు భూతద్దం పెట్టి చూసిన నాకు ఆ తెల్లగుడ్డ కూడా గుర్తు రాలేదు.

“గా దినం కెమెరా మీ సేతులనే ఉండె,” అని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక నా మెయిలు తెరిచి, పంపినవన్నీ వెతికాను. దసరా మర్నాడు నా పాత సంస్థ మిత్రుల మెయిలు గ్రూపుకు శుభాకాంక్షలతో ఆ ఫొటో పంపాను. విరమణ తీసుకున్నాక కూడా నేను ఖాళీగా లేనని వాళ్లకు చూపించుకోవాలనిపించింది. టైమర్ పెట్టి తీసిన ఆ ఫొటోలో అరటిపళ్లు, పూలు, ఒక చివర పట్టుపంచెలో నేను. సైట్‌లో పెట్టినవాడు అవన్నీ కత్తిరించాడు. ఆ మిత్రుల ఇళ్లల్లో ఎవరు గుర్తుపట్టి అక్కడ పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

శుక్రవారం రఘురాం గారికి చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చారు.

“చూడండి శేషగిరిరావు గారూ, వాళ్లకి కావాల్సింది ఒక పేరు. విభాగం అధిపతే చేశాడంటే సంస్థ పరువు పోతుంది, పనీ పోతుంది. ఆ అమ్మాయి ఎలాగూ ఇంటికెళ్లింది కదా. మీ నివేదిక ఉన్నది ఉన్నట్టు పంపేద్దాం. ఆమెకి వేరేచోట ఉద్యోగం నేనే చూసిపెడతాను.”

ఆ మాట నాకు నచ్చింది. నచ్చలేదని ఇక్కడ రాస్తే అబద్ధం. నలభై మంది బతుకులు అని నాకు నేనే చెప్పుకుంటూ నివేదిక ముందు పెట్టుకుని కూర్చున్నాను. అందులో ‘పేరు’ అన్న గడి పక్కనే ‘ఆధారం’ అన్న గడి ఉంటుంది. స్వరూప పేరు పక్కన ఆ గడిలో నేను రాసింది: తాళంచెవి, తమ్ముడి దుకాణం, ఫోను. ఇరవై రెండేళ్లలో ఇలాంటి కాగితం కింది ఉద్యోగి తెచ్చుంటే విసిరికొట్టేవాణ్ణి. నా పేరు పక్కన రాయడానికి తేదీతో, వేళతో సహా మెయిలు ఉంది. పాత కాగితం చించేసి, కొత్తదానిలో నా పేరు రాసి, మెయిలు జతచేసి, రఘురాం గారి బల్లమీద పెట్టాను. ఆయన దాన్నే సోమవారం పంపించారు.

పని పోలేదు. ఒప్పుకున్నందుకు మెచ్చుకోలూ రాలేదు. మూడు షరతులు వచ్చాయి. తనిఖీకి వాళ్ల మనిషి వస్తాడు, ప్రకటన ముందుకు జరిగినందువల్ల మేం మూడు వారాలు ముందే పూర్తిచేయాలి, నా చేతికి ఆ ఆట కిట్ల తాళంచెవి ఇవ్వకూడదు. రెండు గదుల తాళంచెవులూ స్వరూపకు ఇమ్మని రఘురాం గారన్నారు. ఆమెకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను.

“నాకు గాదు సార్. యాడ అడిగిండ్రో గాడ చెప్పుండ్రి. మా నాయిన గూడ ఉంటడు,” అంది.

మేడ్చల్ వెళ్లాను. పార్లర్‌లో ఆమె తండ్రి ముందు, నరేశ్ ముందు, ఆడడానికొచ్చిన ఇద్దరు ముగ్గురి ముందు, తప్పు నాదేనని, ఆమె చేసే పనేమిటో ఇంట్లో కూడా చెప్పదన్న నరేశ్ మాటను నేనే రాయకుండా వదిలేశానని చెప్పాను. ఆ పెద్దాయన నావైపు చూడకుండా బిడ్డతో, “రేపటి సంది పో,” అన్నాడు. నరేశ్ మాత్రం ఊరుకోలేదు. “మరి మీ మనుమనికి ఆట గావాలంటిరి గద సార్, కట్టియ్యాల్నా?” అన్నాడు. కట్టించుకోకుండా తల దించుకుని బయటపడ్డాను.

మర్నాటినుంచి గదిలోకి వెళ్లాలంటే నేను స్వరూప దగ్గర సంతకం పెట్టాల్సి వచ్చేది. వేళ వేయడం మరిచిపోతే వెనక్కి పిలిచి వేయించేది. మరుసటి ఏడు ఆయుధపూజ రెండు గదుల్లో రెండుసార్లు జరిగింది. అయ్యవారు గొణిగాడు. కెమెరా బీరువాలోంచి బయటికి రాలేదు. పడమర కిట్‌ను కిటికీ పక్క బల్ల మీదనుంచి గది మధ్యకు జరిపినందుకు కూడా ఆమె రిజిస్టర్‌లో రాసింది. కారణం గడిలో: పూజ.

విచారణ పద్ధతిలో నేను చేసుకున్న మార్పు ఒక్కటే. అనుమానితుల జాబితా రాసేటప్పుడు మొదటి పేరు నాది వేసుకోవడం, నేను కాదనే ఆధారం దొరికితేనే దాన్ని కొట్టేయడం. ఉద్యోగం వదిలేలోగా ఇంకా నాలుగు విచారణలు చేశాను. మూడింటిలో నా పేరు కొట్టేయడానికి ఆధారం దొరికింది. నాలుగోదానిలో దొరకలేదు, నా పేరు ఉంచే పంపాను.