టపాకాయల సంచి

చిత్తూరు నుంచి పలమనేరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న నడివయసు రైతు ఒళ్లో టపాకాయల సంచి ఉంది. దీపావళికి ఇంకా చాలా నెలలున్నాయి. ఊరుకోలేక అడిగాను.

"ఇంట్లో పెండ్లా అన్నా?"

"ఏనుగులకప్పా. వరి మడి తొక్కేస్తాండాయి. గాల్లో పేల్చి తరుముకునేదానికి తుపాకి లైసెన్సు అడిగినా. పోలీసోళ్లు ఊళ్లోకొచ్చి విచారించినారు. నా మీద కేసుండాదని ఇయ్యలా."

నేను కాస్త పక్కకు జరిగాను. ఆయన చూశాడు.

"పోయినేడు మా తమ్ముణ్ణి ఏనుగు తొక్కి సంపింది. ఒక్క ఆఫీసరూ రాలా. శవాన్ని రోడ్డు మింద పెట్టుకోని కూసున్నాం. బస్సులు ఆపినామని కేసు పెట్టినారు. అదే కేసప్పా."

ఆ మాటలు విన్న కండక్టరు సంచి వైపు చూశాడు. "టపాకాయలా? బస్సులో తేగూడదని తెలీదా? దిగు, దిగు!" అని విజిల్ వేశాడు.

నేను కాళ్లు పక్కకు తీసి దారిచ్చాను. ఆయన సంచి చంకన పెట్టుకుని లేచాడు.

"ఈడ గొడవ పడితే ఇంకో కేసు" అన్నాడు నాతో, మెల్లగా.

మొగిలి ఘాట్‌లో ఆయన దిగిన చోట ఊరు లేదు. రోడ్డుకు రెండు పక్కలా అడవే.