అంచు కోసిన డబ్బా

నిన్న ఉదయం మా షెడ్డులో చల్లారిన కారు రేడియేటరు మూత తిప్పగానే పలుచని తీపి వాసన వచ్చింది. ఇంజనులో నీళ్లు మసలకుండా వాటిలో కలిపే మందు వాసన అది. అది సోకినప్పుడల్లా నాకు అఫ్జల్‌గంజ్‌లోని లారీ షెడ్డు, దాని యజమాని యాదగిరన్న గుర్తుకు వస్తారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన సైన్యం వదిలించుకున్న పాత లారీ ఒకటి వేలంలో కొని, నన్ను డ్రైవరుగా పెట్టుకున్నాడు. లారీతోపాటు ఆ మందు డబ్బాలు కొన్ని వచ్చాయి. అంతవరకు రేడియేటరులో నీళ్లు తప్ప మరొకటి పోయడం నేనెరుగను. ఎంత చిక్కగా పోస్తే అంత మేలనుకుని మొదటిరోజే డబ్బా ఎత్తాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

“ఆగు భాయ్. ఉత్త మందు వేడిని మొయ్యలేదు, ఉత్త నీళ్లు జల్ది మసులుతయ్. సగం ఇది, సగం అది. బయటనే కలుపు, ఇంజను చల్లగైనంక పొయ్యి. నోట్ల మాత్రం పెట్టుకోకు, పానం పోతది.”

నీళ్లు కూడా బావివి కావు. బావినీటి ఉప్పు లోపల పెచ్చు కడుతుందని, రేకుల మీద పడిన వాననీటిని జాడీల్లో పట్టి, వడకట్టి దాచేవాడు. ఈ పద్ధతులన్నీ నాకు నచ్చాయి. నచ్చనిదల్లా మందు కలిపే రేకు డబ్బా. దాని అంచును రంపపు పళ్లలా కత్తిరించి ఉంచాడు. కొలతలో వెంట్రుకవాసి తేడాను ఓర్చుకోలేని నాకు అది కంటిలో నలుసైంది.

“అంచే సక్కగ లేకుంటే కొలిచేదెట్లన్నా?”

“లోపల గీత గీసిన కద, గీత దాక పొయ్యి.”

“ఇది విషమని నాకెరుకే. మరి ఈ పళ్లెందుకు?”

“నీకెరుకే,” అంటూ డబ్బా కడగసాగాడు.

ఒక వేసవి మధ్యాహ్నం పత్తర్‌గట్టికి బట్టల మూటలు చేర్చవలసి ఉంది. మిగిలిన ఆఖరి మందును ఆ డబ్బాలోనే కలిపి, ఇంజను చల్లారేవరకు గడప పక్కన పెట్టాము. మూటలు మోసిన హమాలీ మల్లయ్య దప్పికతో వచ్చి, నీళ్లనుకుని ఆ డబ్బాను రెండు చేతులా ఎత్తాడు. చూడడానికి అది నీళ్లలాగే ఉంటుంది. మేము గమనించేసరికే డబ్బా అతని నోటి దగ్గర ఉంది. మరుక్షణమే కేక, డబ్బా నేలమీద, నెత్తురు పెదవి మీద.

“ఏందే, నీ డబ్బకు పళ్లొచ్చినయా! దూపైతుందని వస్తే నన్నే కరుస్తది!”

యాదగిరన్న ఉరికి అతని గడ్డం పట్టుకున్నాడు. “మింగినవా? నిజం చెప్పు, మింగినవా?”

“ఏడ మింగిన? పెదివి తెగంగనే ఇడిసిన!”

పదేపదే నోరు పుక్కిలింపజేసి, లోపలి గదిలోని కూజా నీళ్లు తాగించాక ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. నా వైపు చూడకుండానే అన్నాడు: “నీకెరుకే. దూపైనోనికి ఎరుకుండదు భాయ్.”

ఒలికిన మందు గురించి ఒక్క మాట అనలేదు. ఉత్త వాననీరు పోసుకుని, ఆగుతూ ఆగుతూ వెళ్లాము. ఆనాటి నా డైరీలో “పత్తర్‌గట్టి సరుకు ఆలస్యం” అని మాత్రమే ఉంది. మరునాటినుంచి కూజా లోపలి గది విడిచి గడప దగ్గరకు చేరింది.

నేడు నా షెడ్డులో గీతలు సరిచూసిన కొలపాత్రలు వరుసగా ఉన్నాయి. కలిపే డబ్బా అంచు మాత్రం నేనే కత్తిరిస్తాను. కొత్తగా చేరిన మెకానిక్ నిన్న దాన్ని తడిమి చూసి, “ఆకురాయితోని నున్నగ చెయ్యాల్నా సార్?” అని అడిగాడు.

వద్దన్నాను. నీళ్ల కూజాను అతని చేతికి అందేటంత దగ్గరకు జరిపాను.