బ్యాండు సార్ చెవి పరీక్ష

2022 జూన్. బడులు తెరిచిన వారం. కర్నూలులో ఆసుపత్రులన్నీ వరసగా ఉండే వీధిలో, ఒక మందుల షాపు పక్కన రెండు గదుల్లో నా హియరింగ్ క్లినిక్. నేను ఆడియాలజిస్టుని. అంటే చెవి ఎంతవరకు వింటుందో కొలిచి, అవసరమైతే మిషను పెట్టి, దాన్ని ఆ మనిషికి కుదిరేలా సర్దడం నా పని. చాలామంది నన్ను చెవి డాక్టరనే అనుకుంటారు. కాదని చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను.

ఆ రోజు పదకొండింటికి రేష్మా అనే ఆమె వాళ్ళ నాయనను వెంటబెట్టుకొని వచ్చింది. ఆయన గడప దగ్గర చెప్పులు విడిచి, వంగి, రెండూ ఒక్క వరసలో సర్దిపెట్టారు. అది చూడగానే, ముఖం చూడకముందే, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. దస్తగిరి సార్, మా బడి బ్యాండు మాస్టారు.

మాది నందికొట్కూరు. కర్నూలులో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఎనిమిదో తరగతిలో ఆయన బ్యాండులో చేరాను. దస్తగిరి సార్ అంటే మాకు సగం భయం, మిగిలిన సగం కూడా భయమే. మొదటి రెండు నెలలు నన్ను డ్రమ్ము ముట్టనీయలేదు. పాత సైకిల్ టైరు ముక్కను చెక్క పలకకు కట్టి, కర్రలతో దాని మీదే కొట్టమన్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇరవై మందిలో ఏ ఒక్కరు తప్పినా అందరం మళ్ళీ మొదట్నుంచి. సాయంత్రం నాలుగింటికి కూడా కర్నూలు ఎండ తలమీదే ఉండేది. ఆయన్ని ఎన్ని తిట్టుకున్నానో నాకే తెలుసు. అయితే డిగ్రీలో, ఉద్యోగంలో, ఏదైనా పని ‘సరేలే, ఇట్ల పోనీ’ అనిపించినప్పుడల్లా ఆ తిట్లు తిన్న మనిషే గుర్తొచ్చి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

"బాగుండావా పాపా?" అన్నారు. నా పేరు సుజాత అని ఆయనకు గుర్తుందో లేదో. అప్పుడు కూడా ఆడపిల్లలందరం ఆయనకు పాపలమే.

వచ్చిన పని రేష్మా చెప్పింది. రిటైరైన తర్వాత కూడా సార్‌నే బ్యాండుకు ఉంచుకున్నారట. పోయిన జనవరి పరేడ్‌లో ఫ్లూటు పిల్లలు అపస్వరం వాయించినా సార్ ఆపలేదని, ఆయనకు వినపడలేదని ఎవరో కొత్త హెడ్మిస్ట్రెస్‌తో అన్నారట. ఆమె చెవి పరీక్ష కాగితం తెమ్మన్నారు. కాగితం బాగుంటే బ్యాండు ఆయనదే. లేదంటే ఇంటికి పంపుతారు.

"నాకేమీ లేదు. ఊరికే అంటాండారు," అన్నారు సార్.

మా పరీక్ష పేరు ఆడియోమెట్రీ. శబ్దం చొరబడని చిన్న గది ఉంటుంది, దాన్ని బూత్ అంటాం. పేషెంటు అందులో హెడ్‌ఫోన్లు పెట్టుకొని కూర్చుంటాడు. నేను బయట నుంచి ఒక్కొక్క శబ్దాన్ని తగ్గిస్తూ, పెంచుతూ పంపుతాను. వినపడితే ఆయన చేతిలోని బటన్ నొక్కాలి. నొక్కితే నా మిషను మీద చిన్న లైటు వెలుగుతుంది. అట్లా వచ్చిన గీతే ఆడియోగ్రామ్.

సార్ గీత చక్కగా వచ్చింది. ఆ వయసుకి, అన్నేళ్ళు డ్రమ్ముల మధ్య ఉన్న మనిషికి, అంత మంచి చెవులా అని ఆశ్చర్యపోయాను. సంతోషం కూడా వేసింది. కుడి చెవి అయిపోయి ఎడమ చెవి చివరికొచ్చాక నా పెన్ను కిందపడింది. దాన్ని తీసుకోవడానికి వంగాను. తల ఎత్తేసరికి లైటు వెలిగి ఉంది.

నేను ఏ శబ్దమూ పంపలేదు.

చేతులు వెనక్కి తీసుకొని ఊరికే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి లైటు మళ్ళీ వెలిగింది. మళ్ళీ అంతే సేపటికి ఇంకోసారి. ఆయన లెక్కపెట్టి నొక్కుతున్నారు. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. శబ్దానికీ శబ్దానికీ మధ్య ఎడం ఒకేలా ఉండకూడదని మాకు మొదటి సంవత్సరంలోనే చెబుతారు. నేను మాత్రం ఇన్నేళ్ళుగా, నాకే తెలియకుండా, మనసులో నాలుగు లెక్కపెట్టి మీట నొక్కుతున్నాను. ఆ నాలుగు నా చేతికి ఎక్కించింది లోపల కూర్చున్న ఆయనే.

బూత్ తలుపు తీశాను.

"సార్, మీరు విని నొక్కుతాండారా, లెక్కపెట్టి నొక్కుతాండారా?"

ఆయన హెడ్‌ఫోన్లు నెమ్మదిగా తీశారు. "వినపడితే విని. వినపడకపోతే, నువ్వు ఎప్పుడు కొడతావో నాకు తెలియదా పాపా. నేర్పిందెవరు?"

ఆయన కళ్ళల్లో మోసం లేదు. కొంచెం గర్వమే కనిపించింది. ఆ తర్వాత నా ముఖం చూసి అది కూడా పోయింది.

రేష్మా నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "అక్కా, వచ్చిండే కాగితం అట్లే ఇచ్చెయ్యక్కా. బ్యాండు లేకుంటే మా నాయన ఇంట్లో ఉండలేడు. పొద్దున్నే లేచి యాడికి పోతాడు?"

నిజం చెప్పాలంటే ఇచ్చేద్దామనే అనుకున్నాను. గీత గీసి ఉంది, సంతకం పెడితే చాలు. పెన్ను తీసుకున్నాను కూడా. సార్ నా చేతినే చూస్తున్నారు. టైరు ముక్క మీద తప్పు కొట్టి, ఎవరూ గమనించలేదులే అనుకున్నప్పుడు కూడా ఆయన ఇట్లాగే చూసేవారు.

పెన్ను పక్కన పెట్టేశాను. "సార్, ఇది చెల్లదు. ఇంకోసారి చేద్దాం."

"చెయ్యి," అని ఆయనే లేచి బూత్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఈసారి నా చేతిని నేను నమ్మలేదు. ఒక చీటీ మీద రెండు, ఏడు, మూడు, ఐదు అని అడ్డదిడ్డంగా అంకెలు రాసుకొని, గడియారం చూస్తూ అన్నేసి సెకన్లు ఆగి మీట నొక్కాను. చెమటలు పట్టాయి. నిజమైన గీత బయటికి వచ్చింది. డ్రమ్ము లాంటి లావు గొంతు శబ్దాలన్నీ వినపడుతున్నాయి. ఫ్లూటు లాంటి కీచు గొంతు శబ్దాల దగ్గరికి వచ్చేసరికి గీత ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. డ్రమ్ముల మోతలో పనిచేసిన చెవులు ఇట్లాగే అరుగుతాయి. డ్రమ్ము దెబ్బ అందుతుంది, ఫ్లూటు పైస్వరాలు జారిపోతాయి.

ఉన్నదున్నట్టు చెప్పాను. సార్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. దాన్ని ఆయనే తీసుకెళ్ళి హెడ్మిస్ట్రెస్ బల్ల మీద పెట్టారని తర్వాత రేష్మా ఫోన్ చేసి చెప్పింది. మిషను పెట్టించుకుంటానని, ఆగస్టు పదిహేను రిహార్సల్ చూసి నిర్ణయించమని అడిగారట.

మిషన్లు పెట్టాక కొత్త గొడవ మొదలైంది. "ఫ్లూటు మధ్యమధ్యలో ఆగిపోతాండాది. రేకు డబ్బా మాదిరి పలుకుతాండాది," అని మూడుసార్లు వచ్చారు. చెవి మిషను తనలోంచి వచ్చే ఈల లాంటి కూతను తానే నొక్కేసుకుంటుంది. అది ఫ్లూటును కూడా కూత అనుకొని నొక్కేస్తోంది. క్లినిక్‌లో కూర్చొని ఇది సరిచేయలేనని ఆగస్టు పదిహేను రిహార్సల్ ఉన్న శనివారం ల్యాప్‌టాప్ పట్టుకొని బడి మైదానానికే వెళ్ళాను. పిల్లలు వాయిస్తుంటే, ఆయన పక్కన నిలబడి, ఆ నొక్కుడు తీసేసి సంగీతానికి వేరే సెట్టింగ్ పెట్టాను. హెడ్మిస్ట్రెస్ కూడా వచ్చి మా పక్కనే నిలబడ్డారు. ఆమె మంచి మనిషే. అయితే ఆ రోజు తేల్చడానికే వచ్చారు.

బ్యాండు మొదలైంది. నాకైతే చాలా బాగుంది. సగంలో సార్ చెయ్యెత్తారు. అందరూ ఆగిపోయారు. ఆయన ఫ్లూటు వరస వెంట నడుచుకుంటూ వెళ్ళి, చివరినుంచి రెండో అమ్మాయి ముందు నిలబడ్డారు.

"శ్రుతి దించినావు పాపా. గడ్డం ఎత్తు. ఆ, అంతే."

హెడ్మిస్ట్రెస్ నా వైపు తిరిగారు. "తప్పు వచ్చిందా మేడమ్? నాకేమీ తెలియలేదు."

"నాకూ తెలియలేదు," అన్నాను. నా చెవుల ఆడియోగ్రామ్‌లో ఏ లోపమూ లేదు.

మళ్ళీ మొదట్నుంచి వాయించారు. అప్పుడు తెలిసింది. ఇందాకటి దాకా ఆరు ఫ్లూట్లు పలికాయి, ఇప్పుడు ఆరూ కలిసి ఒక్కటిగా పలుకుతున్నాయి. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. హెడ్మిస్ట్రెస్ పాట అయ్యేదాకా ఆగి, సార్ దగ్గరికి వెళ్ళి, "సోమవారం నుంచి ఇంకో అరగంట పెంచమంటారా సార్?" అని అడిగారు.

"గంట పెంచండి," అన్నారాయన.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా, బూత్‌లోకి పంపే ముందు ఏం పని చేస్తారని అడుగుతాను. జవాబు పూర్తిగా వింటాను. చెవి ఎంత చిన్న శబ్దాన్ని పట్టుకుంటుందో మిషను చెబుతుంది. ఆ చెవితో మనిషి ఏమేమి వినడం నేర్చుకున్నాడో మాత్రం ఆ మనిషే చెప్పాలి. ఆయన బ్యాండులో మూడేళ్ళు వాయించి కూడా, ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.