తగ్గిందండీ

ఎలా ఉందని డాక్టరు అడిగితే నేను ఇప్పటికీ వెంటనే జవాబు చెప్పను. డెబ్బైల్లో ఒక మధ్యాహ్నం, బెజవాడ ఆసుపత్రిలో చూపించుకుని మైలవరం బస్సులో తిరిగి వస్తున్నాను. నా చేతిలోని మాత్రల పొట్లం చూసి పక్క సీటులోని అమ్మాయి పలకరించింది.

"మోకాళ్ళ నొప్పులకాండీ? ఈ కొత్త మాత్రలతో తగ్గిందా?"

"ఎక్కడ తగ్గిందమ్మా! మెట్లెక్కాలంటే ప్రాణం పోతోంది."

"డాక్టరు గారికీ ఇలాగే చెప్పారా?"

"అయ్యో, పాపం అంత ఓపిగ్గా చూశారు. తగ్గిందండీ అన్నాను."

ఆ అమ్మాయి నవ్వి, సంచిలోంచి స్టెతస్కోపు తీసి చూపించింది. తనూ డాక్టరేనట. కొత్త మందు నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చే పని అదే ఆసుపత్రిలో స్టైపెండు మీద నేర్చుకుంటోందట. అక్కడ అడిగితే రోగులంతా మర్యాదకి తగ్గిందనే అంటున్నారట. అందుకే డాక్టరునని చెప్పకుండా అడగడానికి, వాళ్ళు ఇళ్ళకి వెళ్ళే బస్సులెక్కుతోందట.

నాకు వింతగా అనిపించింది. "మందు పనిచెయ్యట్లేదని తేలితే నీకేమవుతుందమ్మా?"

"వచ్చే ఏడాది స్టైపెండు ఇస్తారో, ఇవ్వరో."

"అయితే తగ్గిందనే రాసుకో."

"నేను రాసుకుంటాను సరే, మీ మోకాలు ఒప్పుకోవాలి కదండీ."

కొండపల్లిలో తిరుగు బస్సు కోసం దిగబోతూ అడిగింది. "ఇంతకీ నొప్పి ఎలా ఉందండీ?"

స్టెతస్కోపు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"పర్వాలేదు డాక్టరు గారూ, కాస్త తగ్గింది," అనేశాను.

ఆమె స్టెతస్కోపును సంచిలో పెట్టేసింది. కండక్టరు దిగమని కేకలేస్తున్నా వినకుండా మళ్ళీ నా పక్కన కూర్చుని, అదే ప్రశ్న మొదటినుంచీ అడిగింది.